ఆగిపోయిన మగ్గాన్ని వినిపించడం ఎలా?

కాగితం మీద ఉన్నది ఇంతే. తండ్రి పోయాక అప్పు తీర్చడానికి కొడుకు ఇంట్లో ఉన్న రెండు మరమగ్గాలూ అమ్మేసి, చెన్నైలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి తల్లి అతనితో మాట్లాడటం లేదు. ఏడాది తిరిగింది. తండ్రి మొక్కుకుని తీర్చకుండా పోయిన మొక్కు ఒకటుంది. అది తీర్చడానికి కొడుకు తెల్లవారుజామున లోకల్ రైలెక్కి తిరుత్తణిలో దిగుతాడు. బస్సులో పళ్ళిపట్టు దగ్గరి సొంత ఊరికి పోయి, అమ్మను వెంటబెట్టుకుని తిరుత్తణి మురుగన్ కొండకు వస్తాడు. ఇద్దరూ మెట్లెక్కుతారు. సగం దారిలో ఆమె నోరు తెరిచి ఒక్క మాట అంటుంది. తెర మీద మొత్తం నాలుగు నిమిషాలు.

కథ కల్పితం. ఊళ్ళు, రైలు, మెట్లు, మగ్గాలు నిజం. ఈ నాలుగు నిమిషాలకు శబ్దం ఎలా కడతారో మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుందాం.

తల్లి బాధను నటి ముఖం చూపిస్తుంది. ఆ బాధ దేని గురించో ముఖం ఒక్కటే చెప్పలేదు. ఖాళీ గది చూపించినా, అక్కడ మగ్గం ఉండేదని తెలియని ప్రేక్షకుడికి అది ఉత్త ఖాళీ గదే. మాటల్లో చెప్పిద్దామంటే, మాట్లాడని తల్లి కథ ఇది. ఇక మిగిలింది శబ్దం. కంటికి కనబడని దాన్ని తెర మీదికి తెచ్చి నిలబెట్టే శక్తి దానికే ఉంది.

తిరుత్తణే ఎందుకంటే, ఆ ప్రాంతంలో పెరిగిన చెవికి రెండు భాషలు పుట్టుకతో వచ్చినవే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది అక్కడే, తెలుగు ఇంట్లో. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగం. సరిహద్దుల మార్పు చట్టంతో ఆ రోజు మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. గీత మారినంత మాత్రాన ఇళ్ళలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కొండ మీద రెండూ. సినిమా శబ్దానికి ఇంతకన్నా సంపన్నమైన చోటు దొరకడం కష్టం. మన సినిమాలు ఎక్కువగా పారేసుకున్నదీ ఈ సంపదనే.

చిత్రీకరణకు ముందే కాగితం మీద వినాలి

మొదటి పని మైకుతో కాదు, పెన్సిలుతో. సన్నివేశాన్ని చదువుతూ ఒక పట్టిక రాసుకోవాలి. ఏం వినిపిస్తోంది, అది ఎక్కడి నుంచి వస్తోంది, దాని వల్ల ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది. "ఎక్కడి నుంచి" అన్న గడిలో మూడు రకాల జవాబులుంటాయి. ఫ్రేములో కనిపించే వస్తువు నుంచి రావచ్చు. ఫ్రేము బయట ఉన్నా ఆ లోకంలోనే ఉన్నదాని నుంచి, అంటే పక్కింటి మగ్గం నుంచో గాలిగోపురం అవతల మోగే గంట నుంచో రావచ్చు. లేదా పాత్రలకు వినబడకుండా ప్రేక్షకుడి కోసమే మోగే నేపథ్య సంగీతం కావచ్చు. వీటిలో రెండోదే అన్నిటికన్నా బలమైనదని నా నమ్మకం. కనబడకుండా వినబడేదాన్ని ప్రేక్షకుడు తన ఊహలో తానే కట్టుకుంటాడు. కట్టుకున్నది తనదే కాబట్టి గట్టిగా నమ్ముతాడు.

ఇక "ఏం తెలుస్తుంది" అన్న గడి. అది ఖాళీగా మిగిలితే ఆ శబ్దాన్ని కొట్టేయాలి. పిట్టల కూతలు, కుక్క అరుపులు చాలా వరకు ఇక్కడే ఎగిరిపోతాయి. తెల్లవారిందని బొమ్మలో కనిపిస్తూనే ఉంటే కోడికూత దేనికి?

మన సన్నివేశానికి అసలు సమస్య మగ్గం. అది లేదని తెలియాలంటే, ముందు అది ఉన్నప్పుడు ఎలా ఉండేదో ప్రేక్షకుడి చెవికి పరిచయం కావాలి. అందుకని కొడుకు బస్సు దిగి వీధిలో నడిచే షాట్‌లోనే మగ్గాలను మోగించేయాలి. వీధి వీధంతా మగ్గాలే. పది అడుగులకు ఒక ఇంట్లోంచి చప్పుడు పెరిగి, తగ్గి, ఇంకో ఇంటి చప్పుడులో కలుస్తుంది. తన గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆ వరస తెగుతుంది. ఎడమ పక్క మగ్గం, కుడి పక్క మగ్గం, మధ్యలో ఏమీ లేదు. కథ మొత్తం అక్కడ తెలిసిపోతుంది. ఒక్క మాట కూడా ఖర్చు కాలేదు.

ఏ రోజు వెళ్ళాలి

తిరుత్తణిలో శబ్దం తేవాలనగానే అందరికీ తట్టేది ఆడికృత్తిక. వేల కావళ్ళు, పూల కావళ్ళు, "అరోహరా" అని తమిళ గొంతులు, "హరోం హర" అని తెలుగు గొంతులు, మధ్యలో మేళం. లేకపోతే డిసెంబరు 31 రాత్రి జరిగే మెట్ల పూజ. కొండకు 365 మెట్లు. ఏడాదిలో ఒక్కో రోజుకు ఒక్కో మెట్టు అని భక్తుల భావన. ఆ రాత్రి ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, పాడుతూ ఎక్కుతారు. శబ్దం పట్టుకునేవాడికి రెండూ పండగలే. కానీ ఈ సన్నివేశానికి రెండూ పనికిరావు. అంత జనఘోషలో తల్లి అనే ఒక్క మాట మునిగిపోతుంది. దాన్ని తేల్చాలంటే ఘోషను దొంగతనంగా తగ్గించాలి, ప్రేక్షకుడికి ఆ దొంగతనం వెంటనే తెలిసిపోతుంది. మామూలు మంగళవారం చాలు. మురుగన్ వారమే కనుక పది మంది ఉంటారు, ఊపిరి వినబడేంత ఎడమూ ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. సూరపద్ముడనే రాక్షసుడితో యుద్ధం ముగిశాక మురుగన్ కోపం చల్లారింది ఇక్కడే అని స్థలపురాణం. అందుకే మిగతా మురుగన్ క్షేత్రాల్లో స్కందషష్ఠికి సూరసంహారం ఘనంగా జరిగితే, తిరుత్తణిలో అది జరపరు. పూలతో అర్చన చేస్తారు. కోపం చల్లారే కొండ మీద తల్లి కోపం చల్లారాలి. దర్శకుడు ఈ కొండను ఎంచుకున్నది అందుకే అయితే, శబ్దం కూడా ఆ దారినే నడవాలి. డప్పుల ఉధృతి తెచ్చి పెడితే కొండ స్వభావానికే విరుద్ధం.

రికార్డింగ్

సామాను పెద్దదేం కాదు. జేబులో పట్టేంత నుంచి సంచిలో పట్టేంత వరకు ఉండే రికార్డర్, దూరం నుంచి ఒకే దిక్కున వినే షాట్‌గన్ మైకు, చుట్టూ ఉన్న వాతావరణాన్ని కుడి ఎడమలుగా పట్టే స్టీరియో మైకుల జత, గాలి కొట్టకుండా వాటికి బొచ్చు తొడుగు, మంచి హెడ్‌ఫోన్లు. సినిమా పనికి సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు మామూలు లెక్క. ఆలయంలోనూ స్టేషన్‌లోనూ అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి.

రైలుతో మొదలుపెడదాం. చెన్నైలో బయల్దేరిన లోకల్ తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా తిరుత్తణికి వస్తుంది. ఎడిటింగ్ గదిలో దొరికే తయారు శబ్దాల్లో రైలంటే ఒక్కటే, "తడక్ తడక్, తడక్ తడక్". ఆ శబ్దం పట్టా ముక్కల మధ్య సందు మీద చక్రం పడినప్పుడు వచ్చేది. ఇప్పుడు ప్రధాన మార్గాల్లో పట్టాలను పొడుగ్గా అతికించి వేస్తున్నారు. సందులు పోయాయి, ఆ తాళం కూడా పోయింది. ఇవాళ్టి రైలు పరుగులో వినబడేది ఒక నిడుపాటి హోరు, దాని కింద మోటారు రొద. "తడక్" వినబడేది ఎక్కువగా పట్టాలు విడిపోయే చోట, స్టేషన్ దగ్గర పడేటప్పుడు. అంటే ఆ చప్పుడుకు ఇప్పుడు కొత్త అర్థం వచ్చింది. ఊరు దగ్గరపడింది. పాత తడక్ తడక్‌ను రైలు ప్రయాణం పొడుగునా పరిచేస్తే, ఆ అర్థం చేతికి అందకుండా పోతుంది.

పెట్టెలో మనుషుల గొంతులను కూడా పట్టుకోవాలి. తిరువళ్ళూరు వీరరాఘవ స్వామి గుడి కోనేట్లో బెల్లం వేసే మొక్కుతో అమావాస్య రోజుల్లో వచ్చే జనం అక్కడే దిగిపోతారు. మామూలు రోజుల్లో కూడా ఉద్యోగాలకూ బజారుకూ పోయేవాళ్ళు స్టేషన్‌కు కొందరుగా రాలిపోతూ ఉంటారు. తిరువళ్ళూరు దాటాక పెట్టె పలచబడి, అప్పటిదాకా జనం మాటల్లో కలిసిపోయిన ఒక ఫోను సంభాషణ తెలుగులో స్పష్టంగా పైకి తేలడం మొదలైతే, దూరం గడిచిందని ప్రేక్షకుడికి వేరే చెప్పనక్కర్లేదు. ఊరి పేరు బోర్డు చూపించే షాట్ ఒకటి ఆదా.

మగ్గాన్ని మాత్రం అక్కడే, నిజంగా పట్టుకోవాలి. మరమగ్గం నిమిషానికి నూటికి పైగా పోట్లు వేస్తుంది. నాడె ఇటు నుంచి అటు ఎగిరి పెట్టెకు తగిలే దెబ్బ వేరు, పలక వచ్చి పోగును కొట్టే దెబ్బ వేరు, మోటారు రొద వేరు. దగ్గరగా ఒకసారి, గుమ్మం నుంచి ఒకసారి, వీధిలోంచి ఒకసారి, పక్కింటి గోడకు మైకు ఆనించి ఒకసారి తీసుకోవాలి. ఈ నాలుగోదే మనకు బంగారం. గోడ గుండా వచ్చేటప్పుడు సన్నని, పదునైన శబ్దాలు ఆగిపోతాయి, బరువైనవి దాటి వస్తాయి. నాడె దెబ్బ మాయమై, నేల అదిరే గుబగుబ మిగులుతుంది. కంప్యూటర్‌లో పై శబ్దాలను కోసేసి ఇలాంటిది తయారు చేయొచ్చు. కానీ ఆ గోడకు ఉన్న కిటికీ, కిటికీ పక్కన వేలాడే సత్తు చెంబు, దాని చిన్న కంపం, ఇవి కంప్యూటర్‌కు తెలియవు.

ప్రతి చోటా అక్కడి నుంచి కదిలే ముందు ఒక్క నిమిషం అందరూ కదలకుండా నిలబడి ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయాలి. ఖాళీ గదికీ ఒక నాదం ఉంటుంది. ఫ్యాను రొద, పైకప్పు రేకు, దూరపు రోడ్డు. సంభాషణల మధ్య కోత పెట్టినప్పుడు ఆ సందులో ఇది పోయాలి. లేకపోతే మాటకూ మాటకూ మధ్య శూన్యం నోరు తెరుస్తుంది. షూటింగులో అందరికీ విసుగు పుట్టించే నిమిషం అదే, చివర్లో అందరినీ కాపాడేదీ అదే.

ఒక్క మాట

తల్లి అనే మాట ఏమిటి? కాగితం మీద రాసింది: "తింటివారా?"

నాలుగే అక్షరాలు. దీని కోసం ఎంత తంటాలు పడాలో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" కాలంలో మాటైనా పాటైనా కెమెరా ముందే, అప్పటికప్పుడు రికార్డయ్యేది. తర్వాత పాట నేపథ్య గానానికి వెళ్ళింది. ఆరీఫ్లెక్స్ 2సి లాంటి తేలికైన, గోలచేసే కెమెరాలతో అవుట్‌డోర్ షూటింగులు పెరిగాక మాట కూడా డబ్బింగ్ థియేటర్‌కు వెళ్ళిపోయింది. ఇందులో మద్రాసు నేర్చిన నైపుణ్యం చిన్నది కాదు. కన్నడ "హరిశ్చంద్ర"ను 1944లో తమిళంలోకి మార్చిన దగ్గర్నుంచి, ఒక పెదవి కదలికకు ఇంకో భాష అతికించే విద్యలో ఆ ఊరిని మించింది లేదు. అక్కడి వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో, ఎ. కృష్ణన్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే తర్వాత దర్శకుడు కె. విశ్వనాథ్ అయ్యారు. శబ్దం దగ్గర మొదలైన మనిషి కనుకనే 1986లో "సిరివెన్నెల" తీయగలిగారనిపిస్తుంది నాకు. చూపు లేని వేణుగాన విద్వాంసుడు లోకాన్ని చెవితో చూస్తాడు, మాట రాని అమ్మాయి బొమ్మలతో మాట్లాడుతుంది. శబ్దం లేనిచోట బొమ్మ, బొమ్మ లేనిచోట శబ్దం ఆ కథను నడిపిస్తాయి. అందులో వినిపించే వేణువు హరిప్రసాద్ చౌరాసియాది.

డబ్బింగ్ వల్ల వచ్చిన నష్టం ఏమిటంటే, ఊళ్ళన్నీ ఒకే గొంతులో మాట్లాడటం మొదలుపెట్టాయి. ఏసీ గదిలో, మైకుకు జానెడు దూరంలో నిలబడి చెప్పిన మాటకు మెట్లెక్కిన ఆయాసం ఉండదు. ఇంకా పెద్ద ప్రమాదం, "తింటివారా?" అన్నది డబ్బింగ్ కాగితంలో "తిన్నావా నాన్నా?" అయి కూర్చుంటుంది. చిత్తూరు, తిరుత్తణి తెలుగు కాస్తా ఎక్కడిదీ కాని తెలుగు అవుతుంది. ఏడాది మౌనం తర్వాత తల్లి నోట వచ్చే మొదటి మాటలో తన ఊరు లేకపోతే, ఆ మౌనం విరిగినట్టే కాదు.

కాబట్టి ఈ మాటను మెట్ల మీదే, అప్పుడే పట్టుకోవాలి. నటి చీర మడతలో చిన్న లేపెల్ మైకు, తల పైన ఫ్రేముకు అందకుండా కర్ర చివర బూమ్ మైకు. లేపెల్ మైకు గుండెకు దగ్గరగా ఉంటుంది కనుక ఊపిరిని బాగా పడుతుంది గానీ చీర రాపిడిని కూడా పడుతుంది. బూమ్ మైకు గాలినీ దూరాన్నీ కలిపి సహజంగా పడుతుంది. మిక్సింగ్‌లో రెండింటిలోంచి ఒకదాన్ని ప్రధానంగా, ఇంకోదాన్ని ఊతగా తీసుకుంటారు. చుట్టూ ఎవరో దగ్గినా ఫర్వాలేదు. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" స్థానికులతో నటింపజేసి, లొకేషన్ శబ్దంతోనే నడిచింది. ఆ విశాఖ వీధి మాట మన చెవిలో ఇంకా ఉందంటే కారణం అదే.

తల్లి పూల దుకాణం దగ్గర బేరమాడేది తమిళంలో. కొడుకుతో అనేది తెలుగులో. ఈ తేడాను ఏ వెర్షన్‌లోనూ చెరపకూడదు. తెలుగు సినిమా కదా అని పూలమ్మే ఆమె చేత కూడా తెలుగే పలికిస్తే, తల్లి తెలుగులోకి తిరిగి రావడంలోని దగ్గరితనం ప్రేక్షకుడికి అందకుండా పోతుంది.

పాదాలు, గాజులు

చిన్న శబ్దాలన్నీ తర్వాత స్టూడియోలో బొమ్మ చూస్తూ మళ్ళీ చేస్తారు. హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో ఈ పద్ధతిని పెంచి పోషించిన జాక్ ఫోలీ పేరు మీద దీన్ని ఫోలీ అంటారు. చెప్పుల చప్పుడు, గాజుల గలగల, కొంగు విదిలింపు, చెంబు పెట్టిన శబ్దం. మన సన్నివేశానికి కావలసింది రెండు అడుగుల వరసలే. నల్లరాతి బండ మీద ఇద్దరి ఒట్టి పాదాలు. ఆమె అడుగు నెమ్మది, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ కలుస్తాయి. అతనిది ఒక్కో మెట్టుకు ఒక్క అడుగు, అందుకే ప్రతి నాలుగైదు మెట్లకు ఆగాలి. మొదట్లో రెండు వరసలూ కలవవు. మాట వచ్చిన తర్వాత కొడుకు కూడా రెండు పాదాలూ కలిపి ఎక్కడం మొదలుపెడితే చాలు. రాజీ కుదిరిందని ఆ పాదాలు చెప్పేస్తాయి. దీన్ని కెమెరా చూపించనే అక్కర్లేదు.

ఇక్కడో ప్రలోభం ఎదురవుతుంది. తల్లి అడుగుల తాళాన్ని మగ్గం తాళంతో సరిపోల్చి, మెట్ల మీద సన్నగా మగ్గం వినిపిస్తే? ఎడిటింగ్ గదిలో ఇది చాలా అందంగా కనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. కొండ మీద మగ్గం లేదు. అది మోగిన మరుక్షణం ప్రేక్షకుడు తల్లిని వదిలేసి దర్శకుడి తెలివి వైపు చూస్తాడు. మగ్గం ఊళ్ళోనే ఉండనివ్వాలి. కొండ మీద దాని లోటు ఒక్కటే మనతో రావాలి.

సంగీతం ఎప్పుడు, ఎప్పుడు వద్దు

మన పరిశ్రమలో రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం. సన్నివేశం వినగానే సంగీత దర్శకుడికి తట్టే ఆలోచన ఒకటుంటుంది. ముత్తుస్వామి దీక్షితులు తొలి కీర్తన మాయామాళవగౌళలో ఈ కొండ మీదే చెప్పారని సంప్రదాయం. సరళీ స్వరాలు నేర్చుకునే ప్రతి పిల్లా మొదలుపెట్టేదీ ఆ రాగంతోనే. కొత్తగా మొదలయ్యే మాటకు మొదటి పాఠం రాగం. తర్కం బాగుంది. కానీ వయొలిన్ల బృందంతో మాట ముందు ఆ రాగాన్ని పరిచేస్తే ప్రేక్షకుడికి ఇప్పుడు ఏడవాలని ఆజ్ఞ ఇచ్చినట్టే. అదే రాగం గుడిలోంచి, దూరంగా, గాలికి వస్తూ పోతూ ఉన్న నాదస్వరంలో రెండు పలుకులు వినిపిస్తే? అది ఆ లోకంలోని శబ్దం. తల్లికీ కొడుక్కీ కూడా వినిపించేది. వాళ్ళతో పాటే మనమూ వింటాం.

సంగీతాన్ని మాట స్థానంలో పెట్టడానికి గొప్ప ఉదాహరణ సత్యజిత్ రే "పథేర్ పాంచాలీ" (1955). కూతురు దుర్గ చనిపోయిన సంగతి తెలియని తండ్రి ఇంటికి వచ్చి, ఆమె కోసం తెచ్చిన చీర చూపిస్తాడు. తల్లి ఏడుస్తుంది. ఆమె ఏడుపు మనకు వినబడదు. ఆ చోట తార్ షెహనాయి ఎత్తైన స్వరం ఒకటి చీల్చుకుంటూ పోతుంది. మామూలు ఏడుపు చేయలేని పని అది చేసింది.

టీవీ సీరియళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. ప్రతి చూపుకూ ఒక "ధడ్", మూడుసార్లు. దాన్ని వెక్కిరించడం సులువు గానీ దాని వెనక కారణం ఉంది. సీరియల్ చూసే మనిషి చాలాసార్లు వంటింట్లో ఉంటుంది, టీవీ హాల్లో ఉంటుంది. కథ చెవి ద్వారానే నడవాలి. "ధడ్" అంటే వచ్చి చూడమని పిలుపు. దాని పని అది చేస్తోంది. అయితే ఒకే పిలుపు రోజుకు వందసార్లు పిలిస్తే ఎవరూ పలకరు. అదే ఇంట్లో ఒక్క తాళంచెవి గుత్తి మోగినా అత్తగారు వచ్చిందని తెలిసేటట్టు రాసిన సీరియల్‌కు ఆ "ధడ్" అవసరమే రాదు.

నిశ్శబ్దం కట్టడం

నిశ్శబ్దం అంటే శబ్దం తీసేయడం అనుకుంటారు. అలా తీసేస్తే హాలులో ప్రేక్షకుడికి స్పీకరు పాడైందేమో అనిపిస్తుంది. నిశ్శబ్దం వినబడాలంటే దగ్గరి శబ్దాలు ఒక్కొక్కటే తప్పుకుని, దూరపు చిన్న శబ్దం పైకి రావాలి. మెట్ల మీద అమ్మ ఆగుతుంది. పక్కనున్న భక్తుల గొంతులు పైకి సాగిపోతాయి. నాదస్వరం గాలి మళ్ళి ఆగుతుంది. కింద ఊళ్ళోని బస్సు హారను పలచగా. తర్వాత ఆమె ఊపిరి. ఎనిమిది, పది సెకన్లు. అప్పుడు మాట.

ఈ విద్యలో మనవాళ్ళు ఎంత దూరం వెళ్ళారో తెలియాలంటే సింగీతం శ్రీనివాసరావు "పుష్పక విమానం" (1987) చూడాలి. సంభాషణలే లేని సినిమా. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో, ఫైటింగ్ చప్పుళ్ళ మధ్య నిద్రపోవడం అలవాటైన కుర్రాడు పెద్ద హోటలుకు చేరతాడు. అక్కడి ప్రశాంతతలో నిద్ర పట్టదు. పాత గది గోలను టేపు మీద రికార్డ్ చేసి తెచ్చుకుని, మోగించుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం, అలవాటు, పరాయి చోటు, అన్నీ ఒక్క టేప్‌రికార్డర్‌తో చెప్పేశారు. మన మగ్గం ఇంటి తల్లికి ఆ నిశ్శబ్దంలో రాత్రులు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించేటప్పుడు నాకు ఈ సన్నివేశమే గుర్తొస్తుంది.

దూరం లెక్క

ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక్క ఫ్రేములో ధ్వని పోయేది దాదాపు 14 మీటర్లు. కొండ మెట్ల మీద నుంచి 700 మీటర్ల దూరంలో పేలిన టపాకాయ వెలుగు కనబడ్డాక రెండు సెకన్లకు గానీ చప్పుడు రాదు. సినిమాల్లో మామూలుగా రెండూ ఒకేసారి పెట్టేస్తారు. ఇలాంటి చోట నిజమైన ఆలస్యం ఉంచితే, కొండ ఎంత ఎత్తున ఉందో చెవికి తెలుస్తుంది. దగ్గరి మనుషుల మాటకు మాత్రం రెండు ఫ్రేముల తేడా వచ్చినా పెదవి తప్పినట్టు పట్టుకుంటారు.

మిక్సింగ్

ఇప్పుడు అన్నీ ఒక చోటికి చేరాలి. మాటలు, సంగీతం, మిగతా శబ్దాలు, మూడు వేర్వేరు కట్టలుగా ఉంచుతారు. సినిమా హాలులో మాట తెర మధ్య స్పీకరు నుంచి వస్తుంది. 5.1 పద్ధతిలో ముందు మూడు, వెనక పక్కలకు రెండు, బరువు శబ్దాలకు ఒకటి. అట్మాస్‌లో పైకప్పు నుంచి కూడా శబ్దం రావచ్చు. 2012లో వచ్చిన ఆ పద్ధతిలో 128 శబ్దధారల దాకా విడివిడిగా కదిలించవచ్చు. అన్ని స్పీకర్లు ఉన్నాయని అన్నీ మోగించకూడదు. ఊళ్ళో మగ్గాలు చుట్టూ నుంచి రావాలి, ఇంట్లోకి అడుగు పెట్టగానే ముందుకు ముడుచుకుపోవాలి. "తింటివారా?" అన్నది మధ్య స్పీకరులో ఒక్కటే, మామూలు మాట కన్నా కాస్త తక్కువ స్థాయిలో. తక్కువగా చెప్పిన మాటకు ప్రేక్షకుడు ముందుకు వంగుతాడు.

హాలు కోసమైతే మిక్సింగ్ గదిని 85 డెసిబెల్స్ ప్రమాణానికి సరిచేసుకుంటారు. టీవీకి లెక్క వేరు. యూరప్ ప్రసారాలకు సగటు గట్టిదనం మైనస్ 23, అమెరికా ప్రసారాలకు మైనస్ 24 అని కొలమానాలున్నాయి. హాలుకు తయారైన మిశ్రమాన్ని అలాగే ఇంటికి పంపితే ఊపిరి వినబడదు, హారను మాత్రం చెవులకు చిల్లులు పొడుస్తుంది. అందుకని ఇంటికోసం మళ్ళీ చేయాలి. చివరగా ఫోనులో వినాలి. ఫోను స్పీకరుకు బరువు శబ్దాలు పలకవు. గోడ గుండా వచ్చే గుబగుబ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫోనులో సినిమా చూసే మనిషికి పక్కింటి మగ్గం అసలు లేదు. కాబట్టి దానిలో నాడె దెబ్బ ఒక చిటికెడు తిరిగి కలపాలి.

పూర్తయ్యాక ఒక పరీక్ష. ఫ్రెంచి సిద్ధాంతకారుడు మిషెల్ షియాన్ సూచించినది. ముందు బొమ్మ ఆర్పేసి శబ్దం మాత్రమే వినాలి. తర్వాత శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూడాలి. చివరికి రెండూ కలిపి. శబ్దం మాత్రమే విన్న మనిషి ఇంట్లో ఏదో లేదని, ఇద్దరి మధ్య ఏదో తెగిపోయి మళ్ళీ అతికిందని చెప్పగలిగితే పని సరిగ్గా జరిగినట్టు. ఆ సినిమాతో సంబంధం లేని వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. పని చేసినవాళ్ళకు అన్నీ వినిపిస్తూనే ఉంటాయి.

తమిళ వెర్షన్ తీసేటప్పుడు, సంగీతం, శబ్దాల కట్టలను అలాగే ఉంచి మాట కట్టను మారుస్తారు. ఆ ఒక్క మాటను మార్చవద్దు. తమిళ ప్రేక్షకుడికి కింద అక్షరాలు వేయండి. తిరుత్తణిలో తల్లి తెలుగులో పలకడం ఆ నేలకు కొత్తేం కాదు, తమిళ ప్రేక్షకుడికీ ఆ సంగతి తెలుసు.

ఆ ప్రాంతంలో సినిమానో, వెబ్ సిరీసో, చిన్న డాక్యుమెంటరీనో తీయబోయేవాళ్ళకు ఒక విన్నపం. మీ షెడ్యూలులో నటీనటులు లేని ఒక రోజును శబ్దం కోసమే రాసుకోండి. పళ్ళిపట్టు, నగరి, పుత్తూరు వీధుల్లో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, ఇద్దరు మనుషులూ ఒక రికార్డరూ చాలు. మీ సినిమాకు వాడినా వాడకపోయినా, ఆ రికార్డింగుల మీద ఊరి పేరు, తేదీ, వేళ రాసి భద్రంగా ఉంచండి.